బొమ్మల మీద నేర్చుకోవడం తప్పెలా అవుతుంది?

“బొమ్మల మీద చదివిన డాక్టరు చేతిలో మీ ప్రాణం పెడతారా?” అనే సందేశాన్ని బరంపురం, పర్లాకిమిడి మిత్రులు నాకు పదేపదే పంపుతున్నారు. చదవకుండానే పంపుతున్నారని అనుకోలేను కనుక జవాబు రాస్తున్నాను.

సిమ్యులేషన్ (రోగి బదులు మనిషి ఆకారపు నమూనా బొమ్మ మీద వైద్యం సాధన చేయడం) వస్తే పాఠాలు పోతాయన్న ఆ సందేశంలోని మొదటి మాట నిజం కాదు. 2019 నాటి ఎంబీబీఎస్ నిబంధనల్లో ఉపన్యాసాలకు మూడో వంతు సమయం దాకా చోటుంది. ఆ సాధన జరిగే స్కిల్స్ ల్యాబ్ వాటికి తోడు మాత్రమే. ఇక ఈ బొమ్మలకు కోట్లు ఖర్చవుతాయన్న రెండో మాట సంగతి: ప్రసవం నేర్పడానికి నడుముకు కట్టుకునే చవక నమూనాలు ఉన్నాయి.

నన్ను నిజంగా బాధించింది మూడో మాట: “వెనకటి డాక్టర్లు ధర్మాసుపత్రి రోగుల మీదే నేర్చుకున్నారు, ఇప్పుడూ అలాగే నేర్చుకోవాలి.” ఆ రోగులు ఎవరు? వేరే దారి లేక ఒడిశాలోని గజపతి జిల్లా కొండల నుంచి దిగివచ్చిన సవర గిరిజన తల్లులు. విద్యార్థి మొదటి పొరపాటు వాళ్ల ఒంటి మీదే జరగాలని ఏ న్యాయం చెబుతుంది? కాన్పు తరువాత ఆగని రక్తస్రావం ఆరోగ్యవంతురాలిని సైతం రెండు గంటల్లో బలిగొనగలదు. గర్భాశయాన్ని మర్దన చేయాలనీ, అది ముడుచుకునేందుకు ఆక్సిటోసిన్ మందు ఇవ్వాలనీ, సెలైన్ ఎక్కించాలనీ పాఠం విన్న ప్రతి విద్యార్థికీ తెలుసు. అయితే పోయిన రక్తాన్ని కంటితో చూసి తక్కువగా లెక్కకట్టడం, ఎవరు ఏం చేయాలో తేలక అందరూ ఒకే పనికి పూనుకోవడం ఉపన్యాసంతో పోయే లోపాలు కావు. బొమ్మ దగ్గరైతే మధ్యలో ఆపి, తప్పు ఎక్కడ జరిగిందో మాట్లాడుకుని, మళ్లీ మొదటి నుంచి చేయవచ్చు. ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోపే మాస్కు సరిగా అదిమి ఊపిరి అందించడం కూడా చేతికి అలవాటు కావలసిన పనే. పసిబిడ్డ మీద ఆ అలవాటు చేసుకోమనేవారు తమ మనవడిని ఇస్తారా?

బొమ్మకు నొప్పి తెలియదు కనుక విద్యార్థికి దయ రాదన్న చివరి మాటలో మాత్రం కొంత నిజం ఉంది. సవర భాషలో తన బాధ చెప్పుకునే స్త్రీ మాట ఓపికగా వినడం ఏ బొమ్మా నేర్పదు. ల్యాబ్ పేరుతో వార్డులో గడిపే సమయాన్ని ఒక్క గంట తగ్గించినా నేను ఒప్పుకోను. పైగా తనిఖీ రోజున మాత్రమే తాళం తీసే స్కిల్స్ ల్యాబులు ఉన్నాయి. ఆ తాళాలను ప్రశ్నిస్తూ సందేశం రాయండి, దాన్ని అందరికంటే ముందు నేనే పంపుతాను.