నాలుకకు అందని సంగతి

ఒడిశాలోని గంజాం జిల్లాలో రంభ నుంచి చత్రపురం దాకా తెలుగువారి వాడల్లో నీటి మంచిచెడ్డలు తేల్చేది నాలుకే. తియ్యగా ఉంటే మంచినీళ్లు, లేకుంటే ఉప్పునీళ్లు. చిలికా సరస్సు ఒడ్డున పుట్టి పెరిగినవారికి ఉప్పును కనిపెట్టడం ఒకరు నేర్పనక్కరలేదు. అయితే మలం నుంచి చేరే సూక్ష్మజీవులకు రుచి లేదు. నీటిలో కరిగే లవణాలైన నైట్రేటుకూ ఫ్లోరైడుకూ కంటికి కనిపించే రంగు లేదు. చేద నిండా తేటగా, తియ్యగా వచ్చిన నీటిలోనే ఇవన్నీ ఉండవచ్చు.

ఇసుక నేలలో నీరు పైపైనే దొరుకుతుంది. పైన పడిన మురికి లోపలికి దిగడానికీ ఆ ఇసుకే దారి. నూతికీ మరుగుదొడ్డి గుంతకూ కనీసం 15 మీటర్ల ఎడం ఉండాలని ప్రజారోగ్య శాస్త్రం చెబుతోంది. గోడకు గోడ ఆనుకుని ఉండే జాలరి వాడలో అంత జాగా ఎక్కడిది? మరుగుదొడ్డి కట్టుకోమంటే కట్టుకున్నారు. తప్పు వారిది కాదు. ఆ పక్కనే ఉన్న నూతి నీటిని ఒక్కసారైనా పరీక్షించి చూడాలని ఎవరికీ తోచకపోవడమే మా బాధ.

కాచి తాగితే చాలదా అని అడిగేవారున్నారు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. నైట్రేటు మాత్రం పోదు, నీరు ఇగిరిన కొద్దీ మరింత చిక్కబడుతుంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నైట్రేటుకు ఏ సడలింపూ లేదు. ఆరు నెలల లోపు పసికందుకు ఆ నీటితో డబ్బాపాలు కలిపితే నెత్తురు ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదముంది. బిడ్డ కోసం నీటిని మరిగించి, చల్లార్చి, వడకట్టే తల్లి చేయగలిగినదంతా చేసింది. ఆ నీటిలో నైట్రేటు ఉందో లేదో అన్న ఒక్క మాట ఆమెకు ప్రయోగశాలే చెప్పాలి.

అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రాంసార్ జాబితాకు 1981లోనే ఎక్కిన చిలికాలో ఏటా పక్షులను లెక్కిస్తున్నారు, డాల్ఫిన్లను లెక్కిస్తున్నారు. ఎంతో మంచి పని. ఆ శ్రద్ధ ఒడ్డున బతికే మనుషుల నూతుల దాకా రావాలి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలి, ప్రభుత్వ ప్రయోగశాలల్లో సామాన్యుల నీటినీ పరీక్షించాలి. కానీ పెరట్లోని సొంత నుయ్యి ఇంటివారు సీసా పట్టుకెళ్తే తప్ప పరీక్షకు రాదు. సూక్ష్మజీవుల పరీక్షకైతే శుద్ధిచేసిన సీసాలో పట్టి, చల్లగా ఉంచి, వీలైతే ఆరు గంటల్లోపే చేర్చాలి. వేటకు వెళ్లే మనిషి అందుకు ఒక రోజు కూలి వదులుకోవాలి. ఎందుకు వదులుకుంటాడు?

అందుకే పరీక్ష సీసాలే ఊళ్లోకి రావాలంటున్నాం. వానలకు ముందొకసారి, వెనుకొకసారి. తుపాను వస్తే వెంటనే మరోసారి. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్‌ను చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఫలితం ఒడియాలో కాగితం మీద ఇచ్చి ఊరుకోకుండా, ఒడియా చదవలేని పెద్దలకు తెలుగులో చదివి వినిపించాలి. సూక్ష్మజీవులుంటే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి కలిపి, కనీసం గంటసేపు చేద వేయకుండా ఉంచాలని దగ్గరుండి చూపించాలి. నైట్రేటు, ఫ్లోరైడు హద్దు దాటితే ఆ పొడి పనిచేయదు. అక్కడ తాగడానికి వేరే నీరు ఇవ్వవలసింది ప్రభుత్వమే.

గంజాం జిల్లా అధికారులు సరస్సు ఒడ్డున ఉన్న ప్రతి పంచాయతీకీ ఒక తేదీ ఖాయం చేసి, రాబోయే పల్లీసభల్లోనే, అంటే ఊరి సభల్లోనే, దాన్ని ప్రకటించాలి. ఆ రోజు మా పాఠకులు తమ నూతి నీటితో పాటు, నడవలేని పొరుగువారి నూతి నీటినీ పట్టించి పంపాలని కోరుతున్నాం.