డాబా మీద చూడలేదు

ఎమ్మెస్సీ ప్రాజెక్టంటే నాలుగు థియరమ్స్ రాసి బైండింగ్ చేయించి ఇచ్చేస్తే పోయేది, నేనే ఊరుకోకుండా కర్వ్ ఈక్వేషన్ ఇస్తే దాని జీనస్ (కాంప్లెక్స్ నంబర్లతో చూస్తే కర్వ్ ఓ సర్ఫేస్ అవుతుంది, దానికి గారెకున్నట్టు ఎన్ని చిల్లులున్నాయో ఆ లెక్క) చెప్పే ప్రోగ్రామ్ రాస్తానని సార్ దగ్గర కోతలు కోశా. ఫార్ములా చిన్నదే, ఈక్వేషన్ డిగ్రీలోంచి (ఒక టర్మ్‌లో పవర్లన్నీ కలిపితే వచ్చే అతి పెద్ద సంఖ్య) ఒకసారి 1, ఇంకోసారి 2 తీసేసి ఆ రెంటినీ గుణించి సగం చెయ్యాలి, అందులోంచి ఒక్కో సింగులర్ పాయింటుకీ, అంటే గీత నున్నగా లేని చోటుకీ, దాని డెల్టా (ఆ చోటు ఎంత పాడైందో చెప్పే సంఖ్య) తీసెయ్యాలి. గీత తనని తానే దాటే నోడ్‌కి 1, మొనదేలిన కస్ప్‌కీ 1. వై స్క్వేర్ ఈక్వల్స్ ఎక్స్ క్యూబ్ కొట్టా, 0 వచ్చింది, కరెక్ట్! ఇంక నా కాళ్లు నేలమీద ఆనలేదు, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టేశా.

డెమో రోజు సార్ టీ తాగుతూ "వై ఈక్వల్స్ ఎక్స్ పవర్ ఫోర్ కొట్టవయ్యా" అన్నారు. ఇంటర్ పిల్లలు గీసే బొమ్మ. స్క్రీన్ మీద 3 అని వచ్చింది.

"ఎక్స్ బదులు టీ, వై బదులు టీ పవర్ ఫోర్ పెడితే కర్వ్ మొత్తం అయిపోయిందిగా, జీనస్ 0 కాక 3 ఎలా అవుద్ది?"

"సింగులర్ పాయింట్ ఎక్కడా లేదు సార్, అంతా వెతికా."

"ఇన్ఫినిటీ దగ్గర?"

బండి తాళాల కోసం ఇల్లంతా తిరగేశాక "డాబా మీద చూశావా" అని అమ్మ అడిగినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలా అయింది నా పని. నేను టెస్ట్ చేసిన క్యూబిక్‌కి ఇన్ఫినిటీ దగ్గర గొడవేం లేదు మరి, అందుకే బయటపడలేదు.

అక్కడికక్కడే ఇన్ఫినిటీ కూడా కలిపా, పాయింట్ దొరికింది, గుడ్డిగా 1 తీసేశా. 2 వచ్చింది.

సార్ ఏమీ అనకుండా అటెండెన్స్ షీట్ వెనక్కి తిప్పారు. ఇన్ఫినిటీని కూడా చూడ్డానికి జెడ్ అనే మూడో అక్షరం కలిపి రాస్తే ఆ పాయింట్ దగ్గర ఈక్వేషన్ జెడ్ క్యూబ్ ఈక్వల్స్ ఎక్స్ పవర్ ఫోర్ అవుతుంది, అడ్డంగా 4 దగ్గరా నిలువుగా 3 దగ్గరా చుక్కలు పెట్టి గీతతో కలిపారు. "దీని కింద, యాక్సిస్‌ల మీద కాకుండా లోపల పూర్ణాంకాల చుక్కలు ఎన్ని పడతాయో లెక్కపెట్టు." మూడు. డెల్టా 3, జీనస్ 0. ఈ బొమ్మని న్యూటన్ పాలిగాన్ అంటారు, 1676లో ఆయన ఓ ఉత్తరంలోనే రాశాడట ఈ పద్ధతి, నేను మాత్రం సిలబస్‌లో లేదని ఆ చాప్టర్ వదిలేశా.

రాత్రికి కోడ్ సరిచేసి, కరెక్టుగా వచ్చిందోచ్ అని అమ్మకి చూపించా. కళ్లజోడు సర్దుకుని చూసి "నెల్రోజులు కూర్చుని సున్నా తెచ్చుకున్నావా" అంది, "లే, వానొచ్చేలా ఉంది, డాబా మీద బట్టలు తీసుకురా."