మార్చి సీడ్ మే నెలకు జారితే

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో మేత లెక్కంతా సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన తేదీ మీదే నడుస్తుంది. అప్పటి నుంచి గడిచిన రోజులే డీఓసీ (డేస్ ఆఫ్ కల్చర్). 2025 మార్చి 5న సీడ్ వదిలిన గుంటకు జూన్ 1 నాటికి 88 రోజులు. కానీ కంప్యూటర్‌లో తేదీ అమరిక అమెరికా పద్ధతిలో ఉంటే, సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన సాదా పట్టిక) మీద డబుల్ క్లిక్ చేయగానే 05/03/2025ని ఎక్సెల్ మే 3గా చదువుతుంది. డీఓసీ 29కి పడిపోతుంది.

అన్ని తేదీలూ తప్పితే గుమాస్తా ఇట్టే పట్టేస్తాడు. 25/03/2025 దగ్గర మాత్రం 25వ నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. 12 లోపు తేదీలేమో చప్పుడు లేకుండా తిరగబడతాయి. గడిలో ఎడమకు అతుక్కున్నవి అక్షరాలు, కుడికి ఒదిగినవి తేదీలు. చూడ్డానికి చెడినట్టున్న ఎడమవైపువే ఇక్కడ నికార్సయినవి! వాటినొక్కటే దిద్దితే అసలు తప్పు అలాగే ఉండిపోతుంది.

ఫైలును సేవ్ చేయకుండా మూసేయండి. కొత్త షీట్‌లో డేటా మెనూ నుంచి దాన్ని తెచ్చుకుని, ట్రాన్స్‌ఫార్మ్ డేటాలో ఎక్సెల్ తనంతట తాను వేసుకున్న చేంజ్‌డ్ టైప్ మెట్టు తీసేసి, యూజింగ్ లొకేల్‌లో ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకోండి. సెల్ ఫార్మాట్ మారిస్తే ఫలితం ఉండదు. ఎక్సెల్ లోపల దాచేది అంకె: 1900 జనవరి 1 అంటే 1, 2023 మార్చి 15 అంటే 45000. ఫార్మాట్ దానికి తొడుగు మాత్రమే.

నా దృష్టిలో ఈ బాధ్యత సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లది. తెర మీద 05-03-2025 చూపించండి, ఫైలులో మాత్రం 2025-03-05 అనే రాయండి. డేటాబేస్‌లో తేదీని వార్‌చార్‌గా, అంటే ఉత్త అక్షరాలుగా, పెడితే 10-01-2025 వచ్చి 25-12-2024 కంటే ముందు కూర్చుంటుంది. డేట్ టైపు ఉన్నదే అందుకు.

గంటలు కూడా నమోదు చేసే చోట ఇంకో మెలిక ఉంది. రాత్రంతా నాచు, రొయ్యలు ఆక్సిజన్ వాడుకోవడంతో నీళ్లలో అది తెల్లవారుజామునే అడుగంటుతుంది. మార్చి 6 ఉదయం 4 గంటల రీడింగ్ యూటీసీలో (మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) మార్చి 5 రాత్రి 10:30. సర్వర్ యూటీసీలో ఉండి, నేరుగా తేదీ తీస్తే 5:30 లోపు రీడింగులన్నీ ముందురోజు ఖాతాలో పడతాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్‌టీజెడ్ (జోన్ లెక్క చూసుకునే సమయం టైపు)గా దాచి, ముందు ఏషియా/కోల్‌కతా జోన్‌కు మార్చి, ఆ తర్వాతే తేదీ తీయాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్ టైపు సమయాన్ని యూటీసీకి మార్చి దాచుకుంటుంది, డేట్‌టైమ్ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతుంది. ఒక టేబుల్‌లో అదీ, మరో టేబుల్‌లో ఇదీ పెడితే, సర్వర్ జోన్‌ను యూటీసీ నుంచి మన సమయానికి మార్చిన రోజున రెండు టేబుళ్ల మధ్య అయిదున్నర గంటల తేడా వస్తుంది.