ఫెజ్ లందల్లో రంగు కన్నా ముందు జరిగేది

మొరాకోలోని ఫెజ్ పాతనగరం 1981 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అక్కడి చౌవారా తోళ్ల కార్ఖానాను చూడాలంటే చుట్టూ ఉన్న తోలు దుకాణాల మేడలు ఎక్కాలి. టికెట్ ఉండదు. వాసనకు ముక్కు దగ్గర పెట్టుకోమని గుమ్మంలోనే పుదీనా రెమ్మ ఇస్తారు. దిగి వచ్చే దారి మాత్రం సరుకు మధ్యలోంచే. కింద తేనెపట్టు గదుల్లా రాతి లందలు, అంటే తోళ్లు నానబెట్టే తొట్లు, కొన్ని తెల్లగా, కొన్ని రంగురంగులుగా. ఫోన్లన్నీ రంగుల వైపే తిరుగుతాయి. తోలు మన్నిక తేలేది మాత్రం అంతకు ముందే.

తెల్ల లందల్లో ఒక రకం సున్నం నీళ్లవి. పచ్చితోలు రెండు మూడు రోజులు నానితే వెంట్రుకల కుదుళ్లు వదులై, కత్తితో గీకగానే ఊడొస్తాయి. నానడం చాలకపోతే కుదుళ్లు మిగిలి, రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఎక్కువైతే తోలు ఉబ్బి, పైపొర వదులై, మడిచిన చోటల్లా ముడతలు తేలతాయి. తర్వాత పావురాల రెట్ట కలిపిన నీళ్లు. అందులోని అమ్మోనియాయే తోలును మెత్తబరుస్తుందని గైడ్లు చెబుతారు. అది మిగిలిన సున్నాన్ని వదిలించడానికి సాయపడుతుందంతే. మెత్తదనం తెచ్చేది రెట్టలో పెరిగే బ్యాక్టీరియా వదిలే ఎంజైములు. పనివాళ్లు లందలోకి దిగి గంటల తరబడి కాళ్లతో తొక్కేది ఈ దశలోనే. బొటనవేలితో నొక్కితే గుర్తు అలాగే నిలవాలి, అప్పుడు తీసేయాలి. ఎండాకాలం ఎంజైముల జోరు పెరుగుతుంది. ఆదమరిస్తే తోలు గుల్లబారుతుంది, ఆపైన ఏం చేసినా బాగుపడదు.

పచ్చితోలును కుళ్లని తోలుగా మార్చే అసలు పదును చెట్ల చెక్కల్లోని, అంటే బెరడులోని, టానిన్ అనే వగరు పదార్థంతో వస్తుంది. మొదట పలచటి రసం, క్రమంగా చిక్కటిది. తొందరపడి చిక్కటి దాంట్లోనే ముంచితే పైపొర బిగుసుకుపోయి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. మన దగ్గర ఈ పని తంగేడు చెక్క చేసింది. బతుకమ్మలో పేర్చే పువ్వు ఆ చెట్టుదే. మద్రాసు నుంచి ఎగుమతైన ‘ఈస్ట్ ఇండియా’ తోళ్లు పేరు తెచ్చుకున్నదీ ఆ చెక్కతోనే.

ఇక రంగులు. ఎరుపు గసగసాల జాతి పూలది, ఆకుపచ్చ పుదీనాది, పసుపు కుంకుమపువ్వుది అన్న పాఠం మేడ మీద కంఠతా వినిపిస్తుంది. పూరేకుల ఎరుపు, ఆకుల పచ్చదనం ఎండకు నిలిచేవి కావు. కిలో కుంకుమపువ్వుకు సుమారు లక్షన్నర పూలు కావాలి, దానితో అద్దిన చెప్పుల జత దుకాణంలో చెప్పే ధరకు ఎలా వస్తుంది? నీలిమందు, గోరింట, దానిమ్మ తొక్క అంటే నమ్మొచ్చు. మిగతావాటికి కృత్రిమ రంగులే ఎక్కువ ఆధారం. క్రోమియం లవణాలతో పదును చేయడమూ ఫెజ్‌కు కొత్త కాదు, ఆ మురుగు సెబూ నదికి తెచ్చిన తంటా అక్కడ పాత ఫిర్యాదే.

కొనేవాళ్లు సంచి అంచును కోసిన చోట చూడాలి. మధ్యలో నీలి బూడిదరంగు గీత కనిపిస్తే క్రోమియం తోలు అయ్యే అవకాశం ఎక్కువ. అంచు నుంచి అంచుకు గోధుమరంగైతే చెక్కరసంది కావచ్చు, అయితే అంచుకు రంగు పూసి ఉంటే ఈ పరీక్ష పనిచేయదు. మధ్యలో పాలిపోయిన పచ్చి చార ఉంటే వద్దు, తడిస్తే గట్టిపడుతుంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు గుడ్డకు అంటుకుంటే బట్టలకూ అంటుకుంటుంది.

ఫెజ్‌లో లందలు నగరం నడిబొడ్డున, ఏటి ఒడ్డునే ఉన్నాయి. తెలుగు ఊళ్లలో ఇదే సున్నం, ఇదే కంపు, ఇదే నేర్పు ఉన్న లందలను ఊరి బయటకు నెట్టి, వాటిలో పనిచేసిన మాదిగలను అంటరానివాళ్లను చేశారు. ఆ లందలు చూడటానికి మనలో ఎవరూ మేడ ఎక్కలేదు. ఫెజ్ మేడ మీద పుదీనా రెమ్మ చూసేవాడి చేతిలో ఉంటుంది. కింద రెట్టనీళ్లలో తొడల దాకా మునిగి తొక్కేవాడి రెండు చేతులూ పనిలోనే ఉంటాయి.