ఆ పెన్ను మెసేజ్ పంపేముందు ఇది చదవండి

"పదేళ్లు మన్నే ఫౌంటెన్ పెన్ను ఎలా ఎంచుకోవాలి" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. పంపుతున్నవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. పెన్నులంటే నాకిష్టమని తెలిసి ప్రేమతోనే పంపుతున్నారు. కానీ అందులోని ఏడు సూత్రాల్లో చాలావరకు తప్పు, ఒకటైతే పెన్నును నాశనం చేస్తుంది.

చూడనివాళ్ల కోసం ఆ ఏడూ చెబుతాను. జేబులో పెట్టుకుని తిరిగే పెన్నుకు లోహపు బాడీయే ఉండాలి. బంగారు పాళీయే కొనాలి. గొట్టంలో నేరుగా ఇంకు పోసుకునే ఐడ్రాపర్ పెన్నే మేలు. నీళ్లు పడినా చెరగని ఇండియన్ ఇంకు వాడాలి. పెన్ను జామ్ అయితే నెయిల్ పాలిష్ రిమూవర్‌లో పది నిమిషాలు నానబెట్టి, మరిగే నీళ్లతో కడగాలి. పెన్నును ఎప్పుడూ పాళీ కిందికి ఉండేలా పెట్టాలి. ఎవరికీ అరువివ్వకూడదు.

మొదట లోహపు బాడీ. పెన్ను కిందపడితే దెబ్బతినేది గొట్టమే అన్న ఊహ మీద ఈ సలహా నడుస్తోంది. పాళీ నేలకు తగిలేలా పడితే వంగేది పాళీ. గొట్టం ఇత్తడిదా, ప్లాస్టిక్‌దా అన్నది దాన్ని కాపాడదు. పైగా ఇత్తడి పెన్ను బరువెక్కువ కాబట్టి దెబ్బ ఇంకాస్త గట్టిగానే తగులుతుంది. పడకపోయినా, రోజువారీ వాడకంలో ముందుగా చెడేవి మూత అంచు, క్లిప్పు, మరలు, వేళ్లతో పట్టుకునే భాగం. పైన మెరిసే లోహం ఉన్నా, లోపల మరలున్న భాగం ప్లాస్టిక్‌దే అయిన పెన్నులు బోలెడు. అది చిట్లితే బయటి ఇత్తడి ఏం చేస్తుంది?

లామీ 2000 చూడండి. 1966లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. దాని బాడీ మాక్రోలాన్ అనే పాలీకార్బొనేట్, అంటే ప్లాస్టిక్కే. పిల్లలు గీకి, విసిరి, బ్యాగుల్లో కుక్కి వాడినా తట్టుకునే లామీ సఫారీ (1980) కూడా ఏబీఎస్ ప్లాస్టిక్. 1941లో వచ్చిన పార్కర్ 51 బాడీ యాక్రిలిక్, అదీ ప్లాస్టిక్కే. దాని పాళీ కొస మాత్రమే బయటికి కనిపిస్తుంది, మిగతాదంతా లోపలే దాగి ఉంటుంది. ఆనాటి పార్కర్లు ఇప్పటికీ రాస్తున్నాయి.

మరి రోజూ వెంట ఉండే పెన్ను కొనేటప్పుడు ఏం చూడాలి? పాళీ విడిగా దొరుకుతుందా, మనమే మార్చుకోగలమా? ఇంకు పీల్చి నింపుకునే చిన్న గొట్టం, అంటే కన్వర్టర్ చెడితే ఇంకోటి సులభంగా దొరుకుతుందా? మూత పెడితే గాలి లోపలికి పోకుండా బిగుస్తుందా? ఈ చివరిదానికి ధరతో పని లేదు. ప్లాటినం వాళ్ల అతి చవకైన ప్రెప్పీ పెన్ను మూతలో కూడా స్ప్రింగ్‌తో పాళీ చుట్టూ బిగుసుకునే లోపలి మూత ఉంటుంది. నెలల తరబడి పక్కన పడేసినా తీసి రాసుకోవచ్చు. మన్నిక అంటే ఎప్పటికీ చెడకపోవడం కాదు, చెడిన భాగాన్ని మార్చుకోగలగడం. ఈ ముక్క ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

బంగారు పాళీ ఎక్కువకాలం అరగకుండా ఉంటుందట. కాగితానికి తగిలేది బంగారమే కాదు. పాళీ బంగారమైనా, స్టీలైనా, కొసకు అతికించిన గట్టి మిశ్రమ లోహపు చిన్న గుళికే కాగితం మీద నడుస్తుంది. 14 క్యారెట్ పాళీలో బంగారం 58.5 శాతం. అది మెత్తని లోహం, స్టీలు కంటే తేలిగ్గా వంగుతుంది. ఇంకుల్లో ఆమ్లం ఎక్కువగా ఉండి మామూలు ఉక్కును తినేసే రోజుల్లో బంగారానికి అర్థముంది. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు ఉంది. బంగారు పాళీ మెత్తగా స్పందించడం ఇష్టమైతే హాయిగా కొనుక్కోండి, మన్నిక కోసం మాత్రం కాదు.

ఐడ్రాపర్ విషయంలో సగం నిజం ఉంది. ఇంకు ఎక్కువ పడుతుంది, చెడిపోయే యంత్రాంగం లోపల ఏమీ లేదు. బల్ల మీద కూర్చుని పేజీలకు పేజీలు రాసేవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. కానీ మెసేజ్ చెబుతున్నది జేబు గురించి. ఇంకు సగానికి తగ్గాక మిగతా గొట్టమంతా గాలి. వేళ్ల వేడి, ఒంటి వేడి తగిలి ఆ గాలి వ్యాకోచిస్తుంది, ఇంకును పాళీ వైపు తోస్తుంది. కాగితం మీద టప్పున చుక్క పడేది అందుకే. విమానంలో గాలి పీడనం తగ్గినప్పుడూ ఇదే జరుగుతుంది. వెంట తిప్పుకోవడానికి ఇంకు నింపి వచ్చే కార్ట్రిడ్జ్ పెన్నులు, కన్వర్టర్ పెన్నులు, వెనక తిప్పితే ఇంకు పీల్చుకునే పిస్టన్ పెన్నులే నయం. ఐడ్రాపరే కావాలంటే సగం కాకముందే నింపుకోండి.

ఇక అసలు సంగతికి వస్తాను. నాలుగో సూత్రం, ఐదో సూత్రం కలిపి చదవండి. ముందు ఇండియన్ ఇంకు పోయమంటుంది, తర్వాత జామ్ అయితే ఏం చేయాలో చెబుతుంది. జామ్ అవ్వక ఏమవుతుంది? ఇండియన్ ఇంకులో మసిలాంటి నల్లటి రేణువులు, వాటిని కాగితానికి అతికించడానికి లక్కలాంటి బంధకం ఉంటాయి. ఒకసారి ఆరితే మళ్లీ నీళ్లలో కరగకపోవడమే దాని గుణం. బొమ్మలకు, కుంచెకు, ముంచి రాసే పాళీకి అది మంచిది. ఫౌంటెన్ పెన్నులో పోస్తే, పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే ఫీడ్‌లోని సన్నని కాలువల్లో ఆరి గడ్డకడుతుంది. చెరగని రాత కావాలంటే ఫౌంటెన్ పెన్ను కోసమే తయారు చేసిన పిగ్మెంట్ ఇంకులు, ఐరన్ గాల్ ఇంకులు ఉన్నాయి. వాటిని కూడా పెన్నులో ఎండనివ్వకుండా రోజూ రాస్తూ, అప్పుడప్పుడూ కడుగుతూ ఉండాలి.

ఇప్పుడు ఆ రిమూవర్. అందులో ఉండేది సాధారణంగా అసిటోన్. ఏబీఎస్‌ను అది కరిగిస్తుంది. పాత పెన్నుల సెల్యులాయిడ్‌నూ కరిగిస్తుంది. యాక్రిలిక్‌ను, పాలీకార్బొనేట్‌ను మసకబార్చి, వెంట్రుకల్లాంటి పగుళ్లు తెస్తుంది. "అసిటోన్ లేనిది" అని రాసి ఉన్న రిమూవర్లు సురక్షితం అనుకోకండి, వాటిలో చాలావాటిలో ఉండే ఈథైల్ అసిటేట్ కూడా ఇదే పని చేస్తుంది. చాలా పెన్నుల్లో ఫీడ్ ప్లాస్టిక్‌దే. ఇంకు ఎంత రావాలో, గాలి ఎంత పోవాలో తేల్చేవి దాని మీది సన్నని గాళ్లే. వాటి అంచులు కాస్త కరిగినా ఆ పెన్ను ఇక ఎప్పటికీ సరిగ్గా రాయదు. బయటికి మాత్రం శుభ్రంగా మెరుస్తూ కనిపిస్తుంది, దాంతో తప్పు పెన్నుదేనని జనం అనుకుంటారు. ఆ తర్వాత మరిగే నీళ్లు! ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఫీడ్ అయితే వేడికి మెత్తబడి వంగుతుంది, ఎబొనైట్ బాడీ అయితే రంగు వెలిసిపోతుంది. పది నిమిషాల్లో ఒక మంచి పెన్నును చంపడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు. తాతగారి పెన్నును బాగు చేద్దామని ఎవరో ఒకరు ఈ మెసేజ్ నమ్మి దాన్ని ఆ సీసాలో ముంచుతారన్నదే నా బాధ.

మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకు అంటే నీళ్లలో కరిగిన రంగు. ఎండిపోయినా మళ్లీ నీళ్లలోనే కరుగుతుంది. పాళీ ఉన్న భాగాన్ని విప్పి, చన్నీళ్లలో రాత్రంతా ఉంచండి. పొద్దున నీళ్లు మార్చి, కన్వర్టర్‌తో నీళ్లు పీల్చి వదలండి. మొండిగా ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి, తర్వాత బాగా కడగండి. స్పిరిట్ కూడా వద్దు. పాత పెన్నుల్లో అతుకులకు వాడిన లక్క దానికి కరిగిపోతుంది.

పాళీ కిందికి పెట్టమన్న ఆరో మాటకు రెండు ముక్కలు చాలు. జేబులో పాళీ పైకే ఉండాలి, లేకపోతే నడిచే కుదుపుకు ఇంకు మూతలోకి చేరుతుంది. క్లిప్పు సాధారణంగా మూత మీద, అంటే పాళీ వైపే ఉండేది అందుకే.

ఏడోది, ఎవరికీ ఇవ్వకూడదన్నది. ఇది చదివినప్పుడు ముందు చిరాకుపడ్డాను. పాళీ మన చేతికి అలవాటుపడిపోతుంది, వేరేవాళ్లు రాస్తే పాడైపోతుంది అని మెసేజ్ చెప్పే కారణం పెద్దగా నిలబడదు. ఆ కొస లోహం చాలా గట్టిది, ఒక్క సంతకంతో అరిగేది కాదు. కానీ సలహా మాత్రం సరైనదే, ఒప్పుకుంటున్నాను. బాల్‌పెన్నుకు అలవాటైన చెయ్యి గట్టిగా నొక్కుతుంది, ఆ ఒత్తిడికి పాళీ చీలిక విచ్చుకుంటుంది, గీత లావవుతుంది, ఒక్కోసారి ఇంకు రావడమే ఆగిపోతుంది. పాళీని తలకిందులుగా పట్టుకుని రాయబోయేవాళ్లూ ఉంటారు. అడిగినవాళ్లకు ఇవ్వడానికి జేబులో ఒక బాల్‌పెన్ను కూడా ఉంచుకోండి. కార్బన్ కాగితం పెట్టి రాయాల్సిన ఫారాలకూ అదే పనికొస్తుంది.