నైట్ కింగ్ గారి అసలు ఉద్దేశానికి ఒక అభిమాని లేఖ

మహారాజశ్రీ నైట్ కింగ్ గారి అసలు ఉద్దేశం గారి దివ్యసముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరు అసలు ఉన్నారో లేరో నేటికీ తేలకపోయినా, ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే ఇంగ్లీషు సీరియల్‌లో చచ్చినవారి సేనను నడిపే ఆ నైట్ కింగ్‌ను చూస్తూ ఐదేళ్లపాటు తమరి జాడ వెతికినవారిలో ఒకడిగా ఈ నాలుగు ముక్కలు రాసుకుంటున్నాను.

2014లో, నాలుగో సీజన్‌లో, క్రాస్టర్ అనేవాడు కన్న పసిగుడ్డు చెంపను గోటితో తాకి వాడి కళ్లను నీలంగా మార్చింది మొదలు చనిపోయేదాకా తమరి యజమాని ఒక్క మాట పలకలేదు. పెళ్లిచూపుల్లో నోరు విప్పకుండా కూర్చున్న అబ్బాయిని చూసి లోతైన మనిషని మురిసిపోయే పెద్దల్లాగే మేమూ పొరబడ్డాము. 2015లో హార్డ్‌హోమ్ రేవులో ఆయన కథానాయకుడు జాన్ స్నో వంక చూస్తూ రెండు చేతులూ మెల్లగా పైకెత్తి చచ్చినవారందరినీ లేపితే, అది బెదిరింపు కాదనీ, ఏదో పాత ఒప్పందాన్ని గుర్తుచేయడమనీ వ్యాఖ్యానం చెప్పుకున్నాము. మరుసటి ఏడు, మనుషుల బారి నుంచి తమను కాపాడుకోవడానికి మనుషులకన్నా ముందు నుంచి ఆ నేలలో ఉన్న అడవిజాతివారే ఒక మనిషిని చెట్టుకు కట్టి, గుండెలో డ్రాగన్‌గ్లాస్ అనే గాజురాయి దించి ఆయనను తయారుచేశారని తెలిసినప్పుడైతే, పాపం ఆయన విలనే కాదు, బాధితుడని కంటతడి పెట్టుకున్నాము.

ఆపైన మాకు అడ్డూ ఆపూ లేకపోయింది. ఆయన శవాలతో పేర్చే సుడి గుర్తు టార్గేరియన్ రాజవంశపు చిహ్నమైన మూడు తలల డ్రాగన్‌ను పోలి ఉంది గనుక ఆయన ఆ వంశంవాడేనన్నాము; కాదు, కాలంలో వెనక్కి వెళ్లి ఆ ఒంట్లో ఇరుక్కుపోయిన బ్రానే, అంటే గతాన్ని చూడగల ఆ కుర్రవాడే, ఆయనన్నాము. ఆ సుడులన్నింటినీ నేను ఒక నోటుపుస్తకంలో శ్రద్ధగా గీసుకుంటూ ఉండగా మా అమ్మ చూసి, “చుక్కలు లేకుండా ఇదేం ముగ్గురా?” అని అడిగింది. అజ్ఞానాన్ని క్షమించి ఊరుకున్నాను.

నిజానికి ఎనిమిదో సీజన్ రెండో భాగంలో బ్రాన్ మాకు విషయం చెప్పేశాడు: ఆయనకు అంతులేని రాత్రి కావాలి, ఈ లోకాన్ని చెరిపేయాలి, దాని జ్ఞాపకం తానే గనుక తనకోసం వస్తాడు. అంతే. అయితే పైకి చెప్పిన కారణం కారణమే కాదన్నది తమరి భక్తుల మొదటి సూత్రం కాబట్టి మేము దాన్ని చెవిన వేసుకోలేదు. కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి 2015 నుంచి 2017 దాకా కాచుకున్నవాళ్లం. ఆలస్యమైనా జవాబు వచ్చి తీరుతుందని మా నమ్మకం.

2019 ఏప్రిల్ 29, సోమవారం, ఉదయం ఆరున్నరకు నోట్లో బ్రష్షుతోనే కంప్యూటరు ముందు కూర్చున్నాను. 82 నిమిషాల ఆ మూడో భాగంలో యుద్ధం ఎంత చీకట్లో జరిగిందంటే, కిటికీ తలుపులు మూసినా తెర మీద శవాలకన్నా నురగతో నిండిన నా ముఖమే స్పష్టంగా కనబడింది. బ్రాన్ అక్క ఆర్యా నైట్ కింగ్ మీదికి ఎగిరి దూకింది, ఆయన ఆమె గొంతు పట్టుకున్నాడు, ఆమె ఎడమ చేతిలోని బాకును కుడి చేతిలోకి జారవిడిచి పొడిచింది, ఆయన గాజులా పగిలిపోయాడు. తమరు మాత్రం రాలేదు. మిగిలిన మూడు భాగాల్లో వస్తారేమోనని ఎదురుచూశాను, అక్కడా రాలేదు.

ఇప్పుడు నిందించడానికి ఈ లేఖ రాయడం లేదు. చివరి భాగంలో రాజుగా ఉంటావా అని అడిగితే బ్రాన్, “ఇంత దూరం ఎందుకు వచ్చాననుకున్నావు?” అన్నాడు. ఆ ఒక్క మాటతో, తమరు బ్రాన్ చక్రాల కుర్చీ కిందకు ఇల్లు మారారనీ, నైట్ కింగ్ చావుతో సహా అన్నీ ఆయనే నడిపించాడనీ మావాళ్లు కనిపెట్టారు. నాకూ సబబుగానే తోచి పాత నోటుపుస్తకం తీశాను. ఈసారి చుక్కలు కూడా పెట్టాను.

ఇట్లు,
తమరి రాకకై వేచియున్న
ఒక విధేయుడు