ముందు కాక్‌పిట్, ఆ తర్వాతే క్యాబిన్

విమానాల్లో ఆధునిక కమ్యూనికేషన్ పరికరాలకు గిరాకీ బాగా పెరిగింది. సంతోషమే. కానీ ఆ గిరాకీలో కంటికి కనిపించేదంతా ప్రయాణికుల వైఫై సందడే. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో సినిమా చూడాలి, ఆఫీసు మీటింగులో కూర్చోవాలి. అందులో తప్పేం లేదు. అదే విమానంలో తలుపు అవతల కూర్చున్న పైలట్ మాత్రం నేల మీది కంట్రోలర్‌తో ఇప్పటికీ ఎక్కువగా మాట్లాడేది దశాబ్దాల నాటి వీహెచ్‌ఎఫ్ (కనుచూపు మేర దూరానికే పనిచేసే) రేడియోలోనే.

ఆ రేడియో పనితీరు చూడండి. ఒక సెక్టార్‌లో, అంటే ఒక కంట్రోలర్ చూసుకునే ఆకాశ భాగంలో, ఉన్న విమానాలన్నింటికీ ఒకే ఫ్రీక్వెన్సీ. కంట్రోలర్ ఒక ఎత్తు చెబుతాడు, పైలట్ దాన్ని తిరిగి చదివి వినిపిస్తాడు, సరిగ్గా చదివాడో లేదో కంట్రోలర్ చెవి పెట్టి వింటాడు. అంతసేపూ మిగతావాళ్లు నోరు మెదపకూడదు. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే వినేవాళ్లకు మాటలు కలగాపులగమై కీచుమనే శబ్దమే మిగులుతుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవి విమానాశ్రయంలో జరిగింది ఇదే. పొగమంచులో డచ్ సంస్థ కేఎల్‌ఎం విమానం టేకాఫ్ మొదలుపెట్టింది. ఆగమని టవర్ చెబుతున్న క్షణంలోనే, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని అమెరికా సంస్థ పాన్ యామ్ విమానం పైలట్లు అరిచారు. రెండు హెచ్చరికలూ ఢీకొని ఒకదాన్నొకటి మింగేశాయి. రెండు విమానాలూ గుద్దుకుని 583 మంది చనిపోయారు. మంచు, తొందర, అస్పష్టమైన మాటలు కూడా కారణాలే. మాట్లాడే తీరును ఆ తర్వాత కట్టుదిట్టం చేశారు. రేడియో మాత్రం దాదాపు అదే.

దీనికి విరుగుడుగా వచ్చిందే డేటాలింక్. ఆదేశం అక్షరాల్లో తెర మీదకు వస్తుంది, పైలట్ ఒక మీట నొక్కి ఒప్పుకుంటాడు. యాస గొడవ లేదు, ఒకరి మాట మీద మరొకరు పడటం లేదు. 1990ల మధ్యలోనే పసిఫిక్ మీద ఇది వాడుకలోకి వచ్చింది. అంతకుముందు సముద్రాల మీద గరగరలాడే హెచ్‌ఎఫ్ (చాలా దూరం వినిపించే) రేడియోయే దిక్కు. అలాగని గొంతును పక్కన పెట్టేయమని మేం అనడం లేదు. రన్‌వే దగ్గర టైప్ చేసేంత తీరిక ఎవరికీ ఉండదు. పైగా ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో పక్క విమానానికి చెప్పింది కూడా చెవిన పడుతుంది. అది చాలాసార్లు మేలే చేస్తుంది.

సముద్రం మీద ఉన్న లోటు ఇంకా పెద్దది. 2014 మార్చి 8న 239 మందితో మలేసియా విమానం ఎంహెచ్370 మాయమైనప్పుడు, దారి ఊహించడానికి దొరికిన ప్రధాన ఆధారం శాటిలైట్‌తో ఆ విమానం అడపాదడపా జరిపిన పలకరింపులే. ఆ తర్వాతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెద్ద విమానాలు సముద్రం మీద ఎక్కడున్నాయో పదిహేను నిమిషాలకోసారి తెలియాలంది. 2018 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. పదిహేను నిమిషాలంటే జెట్ విమానం రెండు వందల కిలోమీటర్లు దాటిపోతుంది! ఆపదలో నిమిషానికోసారి తనంతట తానే చోటు చెప్పే ఏర్పాటు కొత్తగా తయారయ్యే పెద్ద విమానాలకే తప్పనిసరి. పాతవి ఇంకా ఏళ్లపాటు ఎగురుతూనే ఉంటాయి.

పరికరం బిగిస్తే పనైపోదని యూరప్ అనుభవం చెబుతోంది. అక్కడ డేటాలింక్ తరచూ తెగిపోతుండటంతో విమానాలకు పెట్టిన గడువును 2015 నుంచి 2020కి జరపాల్సి వచ్చింది. నేల మీది నెట్‌వర్క్ తట్టుకోలేకపోతే కాక్‌పిట్‌లో ఎంత ఖరీదైన పెట్టె పెట్టీ లాభం లేదు. భద్రత సంగతీ అంతే. విమానానికీ నేలకూ మధ్య చిన్న సందేశాలు పంపడానికి 1978 నుంచి వాడుతున్న ఏకార్స్ వ్యవస్థ సందేశాల్లో చాలావాటికి గుప్తీకరణ లేదు, చవక రిసీవర్ ఉంటే ఎవరైనా చదవొచ్చు. కొత్త వ్యవస్థలకు తాళం మొదట్లోనే వేయాలి.

క్యాబిన్ ఇంటర్నెట్‌నే పైలట్లకు ఇచ్చేస్తే సరిపోదా అని కొందరంటారు. సరిపోదు. ప్రాణాలకు సంబంధించిన మాటలకు ప్రత్యేకంగా కేటాయించిన స్పెక్ట్రమ్ (రేడియో ఫ్రీక్వెన్సీలు), పరీక్షించి ఆమోదించిన పరికరాలు కావాలి. అయితే ఖర్చు సాకు మాత్రం మాకు మింగుడుపడదు. వైఫై యాంటెన్నా బిగించడానికి విమానాన్ని ఎలాగూ హ్యాంగర్‌లో నిలబెడుతున్నారు. పాత విమానాలకు నిమిషం ట్రాకింగ్, కాక్‌పిట్ డేటాలింక్ కూడా ఆ విడతలోనే పెట్టాలని నియంత్రణ సంస్థలు షరతు విధించడానికి అడ్డేమిటి?